ముగ్గురి చీరలు, నాలుగు జాకెట్లు

మా అమ్మ చీరల పిచ్చిలో పడి మా బాపు, అంటే నాన్న, దుబాయి సంపాదనంతా ఊదేసిందని మా చుట్టాల్లో ఒక మాట ఉంది. పెళ్ళి పంక్తుల్లో ఏ కొత్త కోడలో కాస్త బాగా తయారై కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు, అందరూ నవ్వుతారు. ఆ మాట అబద్ధం. అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. నిజం చెప్పమని ఒకనాడు పెద్దలు నన్నే నిలబెట్టి అడిగారు. నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు జగిత్యాలలో మా ఇంట్లో పొద్దున్నే ఇస్త్రీపెట్టె కింద తడి నూలుగుడ్డ నుంచి ఆవిరి లేస్తుంది. ఆ వాసన నా ముక్కుకు తగిలితే తాగుతున్న చాయ్ సహించదు. నా భార్య రజిత ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. పిల్లకు జడ వేసి, టిఫిన్ డబ్బా కట్టి, ఒక కన్ను పొయ్యి మీది పాల మీద ఉంచి, మిగిలిన ఆ కాస్త వ్యవధిలో ఎప్పటిదో ఒక కుర్తా, ఇంకేదో జతలోని చున్నీ తీసి కలుపుకుంటుంది. స్కూటీ ఎక్కేసరికి తీరిగ్గా తయారైన మనిషిలా ఉంటుంది. మొన్న రెండు చున్నీలు చేతపట్టుకుని అద్దం ముందు తటపటాయిస్తుంటే, గోధుమరంగు చీరలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే అంది: "ఎర్రది వద్దు బిడ్డా, కుర్తనే మస్తు ఒర్రుతున్నది. తెల్లది ఏస్కో." ఒర్రడమంటే మా దగ్గర అరవడం.

"అబ్బో, అత్తమ్మకు గివన్ని ఎట్ల తెలుసు?" అని నవ్వింది రజిత. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

నా చిన్నతనంలో మేం కోరుట్లలో ఉండేవాళ్ళం. మా వాడలో సగం ఇళ్ళల్లో మగవాళ్ళు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు, మా బాపు కూడా. ఆడవాళ్ళు అరుగుల మీద చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. ఎండాకాలం సాయంత్రాల్లో పేడనీళ్ళ సాంపి చల్లిన వాకిలి వాసనా, తడిపిన తునికాకు వాసనా, తంబాకు ఘాటూ కలిసి వాడంతా ఒకే ముద్దగా ఉండేది. వానాకాలం వస్తే నిప్పుల మీద మక్కకంకులు కాలేవి, చలికాలం పొద్దున చెత్తకుప్పలకు మంట పెట్టి పిల్లలం చుట్టూ చేరి చేతులు కాచుకునేవాళ్ళం, ఎండ ముదిరితే చిర్రగోనె ఆడి మోకాళ్ళు చీరుకుని ఇంటికి చేరేవాళ్ళం. మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, గడప పక్కన కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ వీధిలో పోయే ప్రతి ఆడమనిషినీ కాలి చెప్పు నుంచి తలలో పువ్వు దాకా చూసేది. చూసి ఏమీ అనేది కాదు. అడకత్తెర మాత్రం టక్కున ఒకసారి గట్టిగా పడేది.

మా అమ్మ బీడీలు చుట్టలేదు. ఇంటర్ దాకా చదువుకుంది కనుక, నేను చదివే ప్రైవేటు బడిలోనే చిన్న క్లాసులకు పాఠాలు చెప్పేది. చీకటితోనే లేచి వాకిలి ఊడ్చి, నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడి నీళ్ళు పట్టి, బాపమ్మకు స్నానానికి కాచి, అన్నం వార్చి, ఆ గంజి కొంత తీసి పక్కన పెట్టేది. అది చీరకు. అప్పటికి మాకు ఇస్త్రీపెట్టె లేదు. ఇత్తడి చెంబులో పొయ్యిలోని నిప్పులు పోసి, నోటితో చల్లిన నీళ్ళ తుంపర మీద ఆ చెంబును అటూ ఇటూ తిప్పుతుంటే, ఉడికిన అన్నం వాసనతో ఆవిరి లేచేది. ఆ తర్వాత కుచ్చిళ్ళు. పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని, ఆ సందులోంచే "పలక ఏదిరా", "బొత్తాం పెట్టుకో", "పాలు తాగినవా" అని నాతో మాట్లాడుతూ, ఇల్లంతా నడుస్తూనే చీర కట్టేది. నా చొక్కాకు బొత్తాలు పెట్టుకునే లోపు అమ్మ తయారయ్యేది, కట్టిన చీర మాత్రం సాయంత్రం దాకా చెక్కు చెదిరేది కాదు.

ఇక ఆ చీరల సంగతి. మా అమ్మకు ఒక అక్క, ఒక చెల్లెలు. అక్క జగిత్యాలలో, చెల్లెలు సిరిసిల్లలో. చిన్నమ్మ భర్త సాంచాలు నడిపేవాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలనే అంటారు. వాళ్ళింటికి పోతే రాత్రీ పగలూ ఆ దడదడలోనే తినాలి, పడుకోవాలి, గట్టిగా అరిస్తే తప్ప ముద్దుగా పిలిచినా వినపడదు. ముగ్గురికీ చీరలు తక్కువే. కానీ ముగ్గురివీ కలిపితే ఎక్కువ. అందుకని ఒక సంచి పెట్టుకున్నారు. అది కోరుట్ల నుంచి జగిత్యాలకు, జగిత్యాల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్లకు, అక్కడి నుంచి మళ్ళీ మా ఊరికి బస్సుల్లో తిరుగుతూ ఉండేది. ఆదివారం బస్టాండుకు పోయి ఎక్కించడం నా పని. "జగిత్యాలల మా పెద్దమ్మ అచ్చి తీస్కుంటది" అంటే కండక్టర్ తలాడించి సీటు కింద తోసేవాడు. ఉతికి, గంజి పెట్టి, మరక లేకుండా పంపాలన్నది వాళ్ళ ముగ్గురి కట్టుబాటు. సంచి అడుగున తినడానికి ఏదో ఒకటి కూడా ఉండాలి. జగిత్యాల పెద్దమ్మ ఎండాకాలంలో మామిడి తాండ్ర పెట్టేది, సిరిసిల్ల చిన్నమ్మ సర్వపిండి మూటగట్టేది, బతుకమ్మ రోజుల్లో మా అమ్మ మలీద ముద్దలు పెట్టేది. విప్పిన ప్రతి చీరలోనూ నెయ్యీ నువ్వులూ కలిసిన వాసన.

చీరలైతే తిరిగేవి కానీ జాకెట్లు తిరిగేవి కావు. పెద్దమ్మ లావు, చిన్నమ్మ పుల్ల. అందుకని మా అమ్మకు ఉన్నవి తన నాలుగు జాకెట్లే: నల్లది, తెల్లది, మెరూన్, ఆవపిండి రంగుది. సంచిలోంచి ఏ చీర వచ్చినా ఆ నాలుగింటిలో ఒకదానితో కుదర్చాలి. చిలకపచ్చ చీర మీద మెరూన్, ఊదాగళ్ళ నూలు చీర మీద ఆవపిండి రంగు. అప్పట్లో మా దగ్గర చీర రంగే జాకెట్టు. ఇట్లా ఎదురు రంగు వేయడం ఎవరూ ఎరగరు. ఒకసారి నేను అడిగితే, అద్దంలోంచి నన్ను చూస్తూ చెప్పింది: "చీర మాట్లాడితె జాకెట్టు ఊకోవాలెరా. రెండు ఒర్రితె మనిషి కనబడదు."

మనిషి కనబడేది. అదే వచ్చిన తంటా. బడిలో పెద్ద క్లాసు పిల్లలు గేటు దగ్గర కాచుకుని ఉండేవారు. నా పక్క బెంచీ రాజుగాడు పొద్దున్నే పందెం పెట్టేవాడు: "ఇయ్యాల మీ అమ్మ ఏం రంగురా? పచ్చనా, ఊదనా? ఓడితె రెండు గోటీలు." గెలిచినవాడు నా వీపు మీద చరిచేవాడు. "మీ బాపు ఆడుంటె మీ అమ్మ ఎవలికోసం ముస్తాబైతదిరా" అని ఒకడు అన్నప్పుడు అర్థం కాకపోయినా నా చెవులు కాలాయి. రాజుగాడి అమ్మ తునికాకు మరకల చీరతో, చెదిరిన కొప్పుతో, వాడి డబ్బా ఇచ్చి మాట్లాడకుండా పోయేది. నాకు అటువంటి అమ్మ కావాలనిపించేది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మనాడు అమ్మ, సిరిసిల్ల నుంచి వచ్చిన ముదురాకుపచ్చ చీర కట్టింది. పసుపు అంచు, దాని మీద ఆ పాత ఆవపిండి రంగు జాకెట్టు. తంగేడు పూలూ గునుగు పూలూ పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళు పూల కన్నా ఎక్కువసార్లు అమ్మను చూశారు. మగవాళ్ళు గోడల మీద కూర్చుని చూశారు. పండుగ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పెద్దబాపు, అంటే బాపు అన్న, వచ్చి వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. బాపమ్మ అడకత్తెర పక్కన పెట్టింది. ఇరుగుపొరుగు నలుగురు ఏదో పని ఉన్నట్టు వచ్చి నిలబడ్డారు.

"ఏం విజయా, మా తమ్ముడు ఆడ ఎండల మాడి సచ్చుడు, నువ్వీడ దినానికో చీర కట్టుడా?" అన్నాడు పెద్దబాపు.

"అవి నేను కొన్నయి గావు బావా. మా అక్కయి, మా చెల్లెయి. మార్చుకుంటం" అంది అమ్మ.

"అక్కచెల్లెండ్లు ముగ్గురిది ఒకటే నోరు" అంది బాపమ్మ. "నువ్వు ఏం చెప్పుమంటె గదే చెప్తరు."

"వాళ్ళను నమ్మకుంటె పిలగాన్ని అడుగుండ్రి. సంచి బస్సెక్కిచ్చేది వాడే."

బాపమ్మ నన్ను దగ్గరికి లాక్కుని భుజం మీద చేయి వేసింది. "గిది మంచిగున్నది. వాడు మా ఇంటి నెత్తురు, వాడు చెప్తె నమ్ముత. చెప్పురా శీనూ, సంచి ఉన్నదా, లేదా?"

అప్పుడు నాకు భయం వేయలేదు. ఈ మాట స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఆ తర్వాత చాలా ఏళ్ళు భయం వేసిందనే నాకు నేను చెప్పుకున్నాను. గేటు దగ్గర పందెం గుర్తొచ్చింది. సంచి ఉందంటే అమ్మ గెలుస్తుంది, రేపు మళ్ళీ ఏదో రంగు కట్టుకుని బడికి వస్తుంది. నేను తల దించుకుని, బొటనవేలితో అలికిన నేలను గీకుతూ నిలబడ్డాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ గీకాను.

"పాపం, పిలగానికి అబద్ధమాడ రాదు" అన్నాడు పెద్దబాపు. నలుగురూ నవ్వారు.

ఆ వారంలోనే బస్టాండు దగ్గరి టెలిఫోన్ బూతు నుంచి పెద్దబాపు దుబాయికి మాట్లాడాడు. బాపు మా అమ్మ చేత బడి ఉద్యోగం మాన్పించాడు. పెద్దమ్మ జగిత్యాల నుంచి వచ్చి వాకిట్లో ప్రమాణం చేసి చెప్పింది. ఎవరూ నమ్మలేదు సరికదా, ఆమెకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. సంచి ఆగిపోయింది. అమ్మ అరుగు మీద చాట పట్టుకుని కూర్చుంది. గోధుమరంగు చీర ఒకటి, బూడిదరంగు చీర ఒకటి, మార్చి మార్చి అవే కట్టింది. నేను కోరుకున్న అమ్మే దొరికింది. పొద్దున పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని నాతో మాట్లాడే అమ్మ మాత్రం లేకుండా పోయింది. గేటు దగ్గరి పిల్లలు కొద్ది రోజులకే వేరే ఆటలో పడ్డారు.

బాపు సెలవు మీద వచ్చినప్పుడు పెట్టె విప్పి మేనత్తకు, పెద్దబాపు భార్యకు తళతళలాడే చీరలు తీసి ఇచ్చాడు. పెట్టె మూస్తూ అమ్మతో, "నీకెందుకు, నీకు మస్తున్నయి గదా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ చెప్పొచ్చు. బాపు చనిపోయే దాకా ఆ మాటే నమ్మాడు.

పెద్దయ్యాక నాకు ఇంకొకటి తట్టింది. కొత్త చీర కొనే మనిషి దానికి కొత్త జాకెట్టు కుట్టించుకోదా? దినానికో చీర కట్టిన మా అమ్మ ఏళ్ళ తరబడి ఆ నాలుగు జాకెట్లే, చంకల కింద దారం తేలిన ఆ నాలుగే వేసుకుంది. కాలి చెప్పు నుంచి తలలో పువ్వు దాకా చూసే బాపమ్మకు అది కనబడలేదంటే నేను నమ్మను. వాళ్ళకు చీరల లెక్కతో పనిలేదు. మొగుడు దగ్గర లేని ఆడది అంత బాగా కనబడకూడదు, అంతే. దానికి వాళ్ళకు ఒక సాక్షి కావాల్సి వచ్చింది, నేను దొరికాను.

మొన్న కోరుట్లలో పెద్దబాపు మనవరాలికి చీర కట్టించే ఫంక్షన్ చేశారు. భోజనాల దగ్గర పెద్దబాపు, ముసలితనంలో కూడా అదే గొంతుతో, రజితను చూసి అన్నాడు: "ఏందిరా శీనూ, మీ ఇంట్ల మళ్ళొక విజయ తయారైనట్టున్నది!" పంక్తి అంతా నవ్వింది. రజిత నవ్వలేదు. అమ్మ విస్తరిలోని అన్నం వైపే చూస్తూ ఉంది.

నేను లేచి నిలబడ్డాను. "పెద్దబాపూ, సంచి ఉండె. నేనే బస్సెక్కిస్తుంటి. అమ్మ ఒక్క చీర కొనలేదు. ఆ పొద్దు నేను కావాలనే చెప్పలే" అన్నాను. వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయారు.

"గిప్పుడు గవన్ని ఎందుకురా, అన్నం తిను" అన్నాడు పెద్దబాపు. కాసేపటికి మాటలు మళ్ళీ మొదలయ్యాయి. అంతే జరిగింది.

తిరుగు దారిలో బస్టాండు మీదుగా వచ్చాం. టెలిఫోన్ బూతు లేదు. సీటు కింద ఊరికే సంచి తోసే కండక్టర్లు లేరు, ఇప్పుడు సంచికైనా చిట్టీ రాయించాలి. జగిత్యాల పెద్దమ్మ పోయింది. చిన్నమ్మ సిరిసిల్ల విడిచి కొడుకుల దగ్గర భీవండిలో ఉంటుంది. మా వాడలో బీడీల అరుగులు కొట్టేసి బండ్లు పెట్టుకునే షెడ్లు వేశారు. ఇల్లు చేరాక రజిత, పిల్ల లోపలికి పోయారు. అమ్మ కారు దిగకుండా వెనక సీట్లోనే కూర్చుంది. నేను తలుపు తీసి పట్టుకున్నాను.

"చిన్నగుంటి గదమ్మా. అందరు నిలబడి అడిగేసరికి భయమైంది" అన్నాను.

"అబద్ధమాడకు" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు నీ మొకం చూసిన. నువ్వు భయపడ్డవనుకుంటె నేను ఎన్నడో మరిచిపోయేదాన్ని."

నేను వంగి ఆమె పక్కన కూర్చున్నాను.

"భయపడలేదమ్మా. నువ్వు ఓడిపోవాలనుకున్న. తప్పయింది."