అరచెయ్యి తెరిచేదాకా

మా బడిలో మూడో తరగతికీ, నేను చెప్పే నాలుగో తరగతికీ మధ్య గోడ లేదు, చెక్క అడ్డు ఒకటే ఉంది. అటువైపు చీమ చిటుక్కుమన్నా ఇటువైపు వినిపిస్తుంది. మూడో తరగతి టీచరక్క పాఠం చెప్పే తీరు వినీ వినీ మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది.

ఆవిడ పద్ధతి ఇది. ఎవరైనా చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే మిగతావాళ్లు అందించకూడదు. నవ్వకూడదు. ఆ పిల్ల మొహంలోకి చూడనైనా చూడకూడదు. తలలు దించి ఎవరి పుస్తకంలోకి వాళ్లు చూస్తూ ఉండాలి. నిజంగా సాయం కావాలంటే ఆ పిల్లే బల్ల మీద అరచెయ్యి తెరిచి పెట్టాలి. అప్పుడు దగ్గర్లో కూర్చున్నవాళ్లు మొదటి అక్షరం మాత్రం మెల్లగా చెబుతారు. మిగతాది తనే తెచ్చుకోవాలి.

ఆ ఏడు దర్జీగారి అమ్మాయి మూడో తరగతికి వచ్చింది. పిచ్చుకంత పిల్ల. రెండు మాటలు చదివి మూడోదానికి బావురుమనేది. తరగతంతా కిక్కురుమనకుండా కూర్చునేది. ఇవతల నా ప్రాణం విలవిల్లాడేది. ఒకరోజు ఉండబట్టలేక చెక్క మీదుగా ఆ మాట అరిచి చెప్పేశాను.

ఇంటర్వెల్లో అక్క వచ్చింది. నవ్వుతూనే దులిపేసింది.

"నీకేం పోయేకాలం వచ్చిందే? దాని నోటిదాకా వచ్చిన మాట లాగేసుకున్నావు!"

"ఏడుస్తోందక్కా!"

"ఏడవనీ. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, చదువుతుంది. చిన్నప్పుడు మా అక్క నాకన్నీ అందించేసేది. డాక్టరు నన్ను ఎక్కడ నొప్పని అడిగితే తనే చెప్పేది. పెళ్లయ్యేదాకా నాకూ ఒక నోరుందని తెలీదంటే నమ్ము."

ఏం నమ్మను, ఆవిడ మాటల జోరు విన్నవాళ్లెవరైనా నమ్ముతారా! కానీ ఏటా ఆవిడ పిల్లలే కదా నా తరగతికి వచ్చేది. లెక్క తప్పితే మూతి ముడుచుకోకుండా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆటలో ఒకడు పడితే నవ్వకుండా పక్కనే నిలబడి, వాడు చెయ్యి అందిస్తేనే లేపేవాళ్లు. ఎనిమిదేళ్లవాళ్లలో ఆ నిబ్బరం చూసి నోరు వెళ్లబెట్టేదాన్ని. నాకు నలభై దాటినా అది అబ్బలేదు మరి.

ఆ ఏడు సగంలో అక్కకి పక్షవాతం వచ్చింది. తన తరగతి కూడా నా నెత్తిన పడింది. కొన్ని నెలలకి కాలూ చెయ్యీ తేరుకున్నాయి గానీ మాట పూర్తిగా రాలేదు. ఉన్నట్టుండి ఏదో ఒక మాట దగ్గర ఆగిపోయేది. తిరిగి బడికి వచ్చిన రోజు హెడ్మాస్టరుగారు, పాపం మంచివారే, నసుగుతూ చెప్పారు.

"ఒక్క పాఠం చదివి చూపించండి టీచరమ్మా. కష్టమైతే ఇకనుంచి ఆఫీసు గదిలో కూర్చుందురుగాని. ఎవరూ ఏమీ అనుకోరు."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆఫీసులో... పిల్లలు... ఉండరే," అంది. ఆ మూడు ముక్కలకి ఎంతసేపు పట్టిందో!

హెడ్మాస్టరుగారు తరగతి వెనక కుర్చీ వేసుకున్నారు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. అక్క తోట పాఠం తీసింది. మొదటి వాక్యం గడిచింది. రెండోదీ గడిచింది. పొద్దుతిరుగుడు పువ్వు దగ్గర ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఆ మాట నా నాలుక చివర గిలగిల్లాడుతోంది. హెడ్మాస్టరుగారు ఆగలేక, కుర్చీ కిర్రుమనేలా ముందుకు వంగి నోరు తెరిచారు.

ముందు బెంచీలోంచి దర్జీగారి అమ్మాయి వెనక్కి తిరిగింది.

"సార్, టీచర్ ఇంకా అడగలేదు సార్."

అనేసి మళ్లీ తల దించుకుంది. అప్పుడు చూశాను. తరగతి మొత్తం తలలు దించి పుస్తకాల్లోకి చూస్తోంది. ఒక్క కాలు కదల్లేదు. ఒక్క దగ్గు లేదు. అలా కూర్చోమని ఆ పూట వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అమ్మో, ఆ నిశ్శబ్దం! ఒక మనిషికి అంత మర్యాద దక్కడం నా జన్మలో చూడలేదు. అదీ చేతులకి సిరా మరకలున్న పిల్లకాయల దగ్గర.

అక్క చాలాసేపు పెనుగులాడింది. తర్వాత బల్ల మీద మెల్లగా అరచెయ్యి తెరిచి పెట్టింది.

"పొ," అంది దర్జీగారి అమ్మాయి, కొనకంటితో చూసి.

"పొద్దు..." అంది అక్క. ఊపిరి తీసుకుంది. "తిరుగుడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాతి వాక్యం కోసం వేలు కిందికి జరుపుకున్నారు, అంతే.

పాఠం అయ్యాక హెడ్మాస్టరుగారు లేచారు. "టీచరమ్మా, మీరు..." అని ఆగిపోయారు. కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. మాట రావడం లేదు.

మూడో తరగతి యావత్తూ తలలు దించి పుస్తకాల్లోకి చూస్తూ కూర్చుంది. అక్క కూడా. ఈసారి నేను కూడా.

"రేపూ మీరే రండి," అన్నారాయన చివరికి.