పొయ్యి ఒకటే అన్న ఇల్లు

మదురైలో ఇళ్ళ సర్వే చేసిన ఏడాది నాకు ఓర్పు తక్కువ, ఎండ ఎక్కువ. ఎవరి కప్పు కారుతోంది, ఎవరికి గది చాలదు, ఎవరికి కొత్త ఇల్లు కావాలి అని పేట పేటా తిరిగి రాయాలి. ఫారంలో నా ఒళ్ళు మండించిన ప్రశ్న ఒకటుంది: ఇంట్లో పొయ్యిలు ఎన్ని? ఒక పొయ్యి అయితే ఒక కుటుంబం, రెండైతే రెండు. ఇల్లు ఇచ్చేది కుటుంబానికి ఒకటి. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఈ ప్రశ్న రాసినవాడు ఏ అత్తగారినీ అడిగి ఉండడు.

తెలుగు మాట్లాడే వీధిని నాకే అప్పగించారు, భాష తెలుసు కదా అని. అక్కడివాళ్ళది తరాలుగా అదే ఊరు; బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. మాది ఆండిపట్టి పక్క పల్లె, మా ఇంట్లోనూ అంతే.

చివరి ఇంట్లో ఒక ముసలావిడ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, పిల్లలు. చిన్న కోడలు మొగుడితో, ఇద్దరు ఆడపిల్లలతో వరండాకు రేకులు కట్టుకుని అందులోనే ఉంటోంది. వాన పడితే పిల్లల్ని మంచం ఎక్కించి తను నిలబడే ఉంటుందట.

"పొయ్యిలు ఎన్ని ఉండాయవ్వా?" అన్నాను.

"ఒకటే పాపా. కండిప్పా, నిజంగా ఒకటే. మా కుడుంబం చీలిపోలే," అంది ముసలావిడ, గడ్డం పైకెత్తి.

లోపల పెద్ద కోడలి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. రేకుల కింద చిన్న కోడలి గ్యాసు మీద పులుసు ఉడుకుతోంది. అయినా ముసలావిడ అబద్ధమాడిందని నేను అనను. మా వాళ్ళలో పొయ్యి రెండైందంటే అన్నదమ్ములు విడిపోయారని, తల్లి మాట చెల్లలేదని అర్థం. మా నాన్న, చిన్నాన్న వేరుపడ్డప్పుడు పొయ్యిలు రెండయ్యాయని ఎక్కడ అనాల్సి వస్తుందోనని మా అవ్వ చాన్నాళ్ళు బంధువుల గడప తొక్కలేదు. నాకు ఆవిడ పరువే కనబడింది. ఒకటి అని రాసేశాను.

వీధి మలుపులో చిన్న కోడలు నన్ను అందుకుంది.

"అక్కా, రెండూ నువ్వు చూస్తివి గదా. ఒకటని రాస్తే మాకు ఇల్లు రాదంట గదా?"

"మీ అత్తతో చెప్పించు, మారుస్తాను," అని కసిరాను.

"అత్త చెప్పదక్కా. చెప్పమని నేనూ అడగలేను," అని వెనక్కి వెళ్ళిపోయింది.

తప్పు నాదైతే నాకు కోపం ఎదుటివాళ్ళ మీద వస్తుంది. ఆ సాయంత్రానికి గానీ నాకు తెలిసిరాలేదు. పరువు కాపాడానని మురిసిపోతున్నది నేను, వానలో నిలబడేది ఆ పిల్ల.

మర్నాడు కొత్త ఫారం పట్టుకుని పోయాను.

"అవ్వా, సిలిండర్లు ఎన్ని?"

"రెండు."

"రేకుల కింద వండేది ఎవరు తింటారు?"

"చిన్నోడు, వాని పెండ్లాము, బిడ్డలు."

"మరి పొయ్యిలు?"

"ఒకటే."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. తడవకుండా రేకుల కింద ఎత్తుగా కట్టిన మనవరాళ్ళ బడి సంచుల వైపు చాలాసేపు చూసింది.

"రాసుకో పాపా," అంది చివరికి. "నా నోట మట్టుకు చెప్పించొద్దు."

రెండు అని రాశాను. రాసినదంతా చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలని మాకు రూలు. మొదటినుంచీ చదువుతూ వచ్చాను, ఆవిడ అన్నింటికీ తలూపింది. పొయ్యిల వరుస రాగానే రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుంది. నేను చదివాను. నా పెదాలు ఆగాక చేతులు దించి, బొటనవేలు నా ముందుకు చాపింది.