తిరగలి మేస్త్రీ నమిలిన పాలు

మేస్త్రీ నోట్లో పడిన ముద్ద గొంతు మొహం చూడాలంటే పెద్ద తతంగమే ఉంది. ముందు కుడి దవడ దాన్ని విచారిస్తుంది. తర్వాత ఎడమ దవడ తన అభిప్రాయం చెబుతుంది. తేడా వచ్చిందా, మళ్లీ మొదటికే. బట్టలు కుట్టే ఆ షెడ్డులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన తిరగలి మేస్త్రీయే.

అది ఆయన సొంత నమలుడైతే ఎవరికీ పట్టేది కాదు. కానీ మెయిన్ స్విచ్ పెట్టె తాళంచెవి ఆయన నడుముకే వేలాడుతుంది. మధ్యాహ్నం మేస్త్రీ చెయ్యి కడుక్కుంటే తప్ప మెషిన్లకు కరెంటు రాదు.

ఈ ఘనత వల్ల అందరికంటే ఎక్కువ తలవంపులు ఆయన కోడలికే. ఆమె అదే షెడ్డులో కాలర్లు కుట్టేది.

"ఏమే, మీ మామయ్య నిన్నటి ముద్ద మింగాడా?" అని గుండీలు కుట్టే అక్క ఆటపట్టించేది.

"ఎక్కడక్కా! ఇంటికి మోసుకొచ్చాడు, ఇంకా నానుతోంది."

మేస్త్రీకి ఓ సిద్ధాంతం కూడా ఉంది. "మగవాళ్లు నములుతారు, ఆడవాళ్లు మింగుతారు. మీకు దవడలు అలంకారానికే ఉన్నాయి."

"మీకు నాలుక కూడా అలంకారానికే ఉంటే బాగుండేది మామయ్యా," అనేది కోడలు.

సిద్ధాంతం తప్పని మాత్రం అనలేకపోయేది. షెడ్డులో ఉన్నది ఒకటే స్టవ్వు, ఒకటే కుళాయి. గంట కొట్టగానే మగవాళ్లు బాసింపట్టు వేసి కూర్చునేవారు. వాళ్ల డబ్బాలు వేడిచేసి, ముందు పెట్టి, మంచినీళ్లు అందించేది ఆడవాళ్లు. ఇది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలన్న ఆత్రం మగవాళ్లకు లేదు. ఆడవాళ్లు తమ డబ్బా మూత తీసేసరికి అటువైపు త్రేన్పులు వినిపించేవి.

ఇంతలో మేస్త్రీ దవడలు రెండూ వాచాయి. డాక్టరు రెండువైపులా పళ్లు పీకి, కొన్నాళ్లు పాలు తప్ప ఏమీ తీసుకోవద్దన్నాడు. ఆ కబురు విని యజమాని మొహం వెలిగిపోయింది.

"గ్లాసెడు పాలకి ఎంతసేపు మేస్త్రీ? ఇవాళ కూడా ఆలస్యమైతే తాళంచెవి నాకిచ్చెయ్. రేపట్నుంచి స్విచ్చి నేనే వేస్తా," అని భోజనాల వేళకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మేస్త్రీ ఓ గుక్క తాగాడు. నోరు మూశాడు. నమలడం మొదలుపెట్టాడు.

"పాలయ్యా అవి!" అన్నాడు యజమాని.

మేస్త్రీ తలూపాడు. కుడి దవడ విచారించింది. వాపు మీద నొప్పికి ఒక కన్ను మూతపడింది. తెరిచి ఉన్న రెండో కన్ను గ్లాసు మీద లేదు. కోడలు ఆ చూపు వెంట తల తిప్పింది. స్టవ్వు దగ్గర గుండీల అక్క అప్పుడే తన డబ్బా మూత తీస్తోంది. ఇన్నాళ్లూ మామయ్య చెయ్యి కడుక్కున్నది ఎప్పుడో కోడలికి గుర్తొచ్చింది. ఆడవాళ్లలో చివరి డబ్బా మూతపడ్డాకే!

"ఇక చాలు, తాళం ఇటివ్వు," యజమాని చెయ్యి చాచాడు.

"తీసుకోండి సార్," అంది కోడలు. "స్విచ్చి మీరే వేసుకోండి. కుట్టేవాళ్లం మాత్రం ఇంకా నములుతున్నాం."

అని ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, అచ్చం మామగారిలాగే కుడి దవడకు అప్పగించింది. గుండీల అక్క ఎడమ దవడతో మొదలుపెట్టింది. వరసంతా తిరగళ్లే తిరుగుతున్నాయి. ఆడవాళ్లు కుట్టకపోతే ఆ తాళంచెవి ఉత్త ఇనుపముక్కని యజమానికి తెలుసు. చాచిన చేత్తో బుర్ర గోక్కుని, కుర్చీ తనే మోసుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంట్లో కోడలు మొగుడికి వడ్డించి, మామగారికి పాలిచ్చింది. ఆయన మళ్లీ నమలసాగాడు.

"ఇక్కడ ఏ యజమాని ఉన్నాడు మామయ్యా?"

"నువ్వు కూర్చోందే ఇది దిగదమ్మా. మీ అత్తయ్య నమలడం నేనెప్పుడూ చూళ్లేదు. నిన్నయినా చూడనీ."

ఆమె కంచం పెట్టుకుని కూర్చుంది. ఇంతలో మొగుడు, "మంచినీళ్లు!" అని కేకేశాడు.

మేస్త్రీ నోరు తెరవలేదు. వాచిన దవడతోనే కొడుక్కి బిందె ఎక్కడుందో చూపించి, తీరిగ్గా నమలడంలో పడ్డాడు.