నాలుగో వేలు

పియానో వాయించేవాళ్లు బొటనవేలిని ఒకటిగా లెక్కపెడతారు. ఆ లెక్కన ఉంగరం వేలు నాలుగోది. నా కుడిచేతి నాలుగో వేలు లోపలికి ముడుచుకుపోవడం మొదట గమనించింది నేను కాదు, మా అమ్మ.

అమ్మ కోరుట్లలో బీడీలు చుడుతుంది. ఆ మధ్యాహ్నం ఆమె ఒడిలో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. నేను గోడవారగా బల్ల మీద కీబోర్డు పెట్టుకుని సాధన చేస్తున్నాను. కాసేపటికి కత్తెర చప్పుడు ఆగింది. తల తిప్పి చూస్తే అమ్మ నా చేతివైపే చూస్తోంది.

"నీ వేలు ముడుసుకుంటుంది బిడ్డా, సూసుకున్నవా?" అంది.

అలసట అన్నాను. ఆమె నమ్మలేదు. తనతోపాటు చుట్టే ఆడవాళ్లలో ఇద్దరికి వేళ్లు ఇలాగే కొంకర్లు పోయి పని మానుకున్నారని చెప్పింది. నాకు కోపం వచ్చింది. పియానోకూ బీడీకీ పోలికేమిటి అన్నాను. ఆమె మళ్లీ కత్తెర అందుకుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాకు పియానో నేర్పింది జగిత్యాలలోని మా టీచర్. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చుకుని, తర్వాత మద్రాసులో చదివి, బడిలో సంగీతం చెప్పి రిటైరయింది. ఇంటి ముందు గదిలో గోడకు ఆనించిన పాత పియానో ఒకటి ఉండేది. వానాకాలంలో దాని మెట్లు, అంటే వేళ్లతో నొక్కే చెక్కపట్టీలు, ఉబ్బి నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయేవి. మా నాన్న సుతారి, గోడలు కట్టే మేస్త్రీ. ఆమె ఇంటి గోడకు ప్లాస్టరింగ్ చేయడానికి వెళ్తూ ఒక సెలవురోజు నన్ను వెంట తీసుకెళ్లాడు. అప్పుడు నాకు పదేళ్లు. నేను ఆ పియానో దగ్గర నుంచి కదలకపోవడం చూసి ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు నుంచి పద్నాలుగేళ్లు, ప్రతి శనివారం కోరుట్లలో బస్సెక్కి జగిత్యాల వెళ్లాను. ఆమె ఒక్క పైసా తీసుకోలేదు.

మా తాతలు మేడిపల్లి దిక్కు ఇతరుల పొలాల్లో కూలికి పోయినవాళ్లు. మా ఇంట్లో ఎవరికీ పియానో అంటే ఏమిటో తెలియదు. నేను డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాటలు నేర్పే పనిలో చేరాను. టీచరుకు అది సరిపోలేదు. చెన్నైలో ఒక సంగీత పాఠశాలకు నా గురించి ఉత్తరం రాసింది. వాళ్లు నేను నలుగురి ముందు వాయించిన వీడియో ఒకటి పంపమన్నారు. అదే సమయంలో సిరిసిల్లలో ఒక చర్చివాళ్లు తమ కొత్త హాలుకోసం హైదరాబాదు నుంచి పెద్ద పియానో తెప్పించారు. దాని మీద మొదటి కచేరీ నాదే అని ఖాయమైంది.

వాయించాల్సిన పీసును టీచరే ఎంచింది. రెండు వందల ఏళ్ల కిందటి యూరప్ సంగీతం, పావుగంట సేపు సాగుతుంది. ఎడమచేయి కింద అలల్లా లేస్తూ పడుతూ ఉంటే కుడిచేయి పైన ఒక పాట పాడుతుంది. ఆ పాట మూడుసార్లు తిరిగి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ దాని చుట్టూ స్వరాలు రెట్టింపవుతాయి. చివరి పేజీల్లో రెండు చేతులూ మెట్ల ఈ కొస నుంచి ఆ కొసకు దూకాలి. వయసులో ఉన్నప్పుడు తాను రెండేళ్లు సాధన చేసి కూడా ఎవరి ముందూ వాయించలేకపోయానని ఆమె ఒకసారి చెప్పింది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

అమ్మ చూసిన నెలకే ఆ వేలు నా మాట వినడం పూర్తిగా మానేసింది. అన్నం కలిపేటప్పుడు బాగానే ఉండేది. జడ వేసుకునేటప్పుడు, బోర్డు మీద రాసేటప్పుడు బాగానే ఉండేది. మెట్ల మీద పెట్టగానే ఎవరో లోపల నుంచి దారం పట్టి లాగినట్టు అరచేతిలోకి ముడుచుకునేది. నూనె మర్దన చేశాను. వేడినీళ్లలో పెట్టాను. పుల్ల కట్టి నిటారుగా బిగించి వాయించాను. ప్రార్థనలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్క వేలు కోసం ఏడ్చాను. జగిత్యాలలో డాక్టరు నరాల బలహీనత అని బలం మాత్రలు రాశాడు. కరీంనగర్ డాక్టరు మాత్రం చాలాసేపు నా చేత బల్ల మీదే వాయించినట్టు చేయించి చూశాడు. జబ్బు వేలిలో లేదని, మెదడు ఆ వేలికిచ్చే ఆజ్ఞ చెడిపోయిందని, సాధన చేసేకొద్దీ ముదురుతుందని, వెంటనే ఆపేయమని చెప్పాడు.

కచేరీకి ఇంకా మూడు వారాలు. నేను సాధన రెట్టింపు చేశాను. అంతకంటే తెలివితక్కువ పని ఉండదని తెలుసు. కానీ చేతులు ముడుచుకుని కూర్చుంటే భయం ఇంకా పెరిగేది. నాలుగో వేలు పడాల్సిన ప్రతిచోటా మూడో వేలో చిటికెన వేలో పెట్టి పీసు మొత్తం కొత్తగా నేర్చుకోవడానికి ప్రయత్నించాను. టీచర్ కనిపెట్టింది.

"నాలుగో వేలు ఎందుకు దాసిపెడుతున్నవ్?" అని అడిగింది.

నా చేతికి ఇలాగే వీలుగా ఉందని అబద్ధం చెప్పాను.

సిరిసిల్ల హాల్లో నూటయాభై మంది దాకా వచ్చారు. సాయంత్రం నాలుగు గంటలు. అమ్మానాన్నలు మూడో వరసలో, టీచర్ ముందు వరసలో కూర్చున్నారు. పక్క వీధిలో సాంచాలు నడుస్తున్నాయి, బట్ట నేసే ఆ చప్పుడు కిటికీల్లోంచి ఆగకుండా వస్తోంది. వేదిక పక్కన ఒకాయన కెమెరా పెట్టుకుని నిలబడ్డాడు.

మొదటి పేజీలు బాగా వచ్చాయి. అంత మంచి పియానో నేను ఎప్పుడూ ముట్టలేదు. పాట మొదటిసారి వచ్చింది, కుడిచేయి దాన్ని పాడింది. రెండోసారి వస్తుండగా నాలుగో వేలు కదిలింది. పక్కనున్న చిటికెన వేలినీ లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. రెండు తప్పు స్వరాలు పడ్డాయి, తర్వాత నాలుగు. నేను ఆగిపోయాను. హాల్లో సాంచాల చప్పుడు ఒక్కటే మిగిలింది. పీసులో రెండు వరసలు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. సరిగ్గా అక్కడే చెయ్యి పిడికిలి అయింది.

లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ లేవలేదు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో వాయించడం మొదలుపెట్టాను. ఎందుకలా చేశానో తెలియదు. అలలు మాత్రం లేచి పడుతున్నాయి, వాటి మీద ఉండాల్సిన పాట లేదు. అది నా తలలో మాత్రమే వినిపిస్తోంది. అలా మూడు పేజీలు నడిచాయి. చివర్లో బొటనవేలు, చిటికెన వేలు మాత్రమే చాలే పెద్ద స్వరాలు వచ్చినప్పుడు కుడిచేయి మళ్లీ ఎత్తి, కొట్టి, ముగించాను.

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు మైకు అందుకున్నారు.

"చూసిండ్రా, మన బిడ్డ ఒక్క చేత్తోని కూడా ఎట్ల వాయిస్తదో," అన్నారు.

చప్పట్లు ఇంకా పెరిగాయి. నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను. మూడో వరసలో అమ్మ తల వంచుకుని తన చేతుల్లోకి చూసుకుంటోంది.

తిరిగి వేములవాడ మీదుగా వ్యానులో వస్తున్నాం. ముందు సీట్లో నాన్న, వెనక అమ్మ, మధ్యలో టీచరూ నేనూ.  వేములవాడ దాటాక టీచర్ నా కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుని ఒక్కో వేలూ చాపి చూసింది. అన్నీ మామూలుగా విచ్చుకున్నాయి.

"ఎప్పటిసంది?"

"ఐదు నెలలైతుంది టీచర్."

"నాకెందుకు చెప్పలే?"

"మీరు ఆపుమంటరని."

ఆమె నా వేళ్లను మళ్లీ ముడిచి తన అరచేతిలో పెట్టుకుంది. "ఆపుమనకపోతుంటి," అంది. "ఇంకింత గట్టిగ చెయ్యిమంటుంటి. గదే నాకు భయమైతుంది."

నేను ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. వెనక నుంచి అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

వీడియో చెన్నైకి పంపలేదు. ఏడాది పాటు మెట్లు ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ ప్రైవేటు బడిలోనే ఉన్నాను, పిల్లలకు మొదటి పాఠాలు చెబుతాను. నెమ్మదిగా వాయిస్తే వేలు కొంతవరకు వింటుంది. శనివారాలు టీచర్ ఇంటికి వెళ్తూనే ఉన్నాను. కిందటి వారం ఆమె ఆ పీసు కాగితాలు తీసి పియానో మీద పెట్టి, తాను కుడిచేతి పాటను ఒక్కో స్వరమే మెల్లగా వాయించింది. నన్ను ఎడమచేయి వాయించమంది. ఒక పేజీ దాటలేకపోయాం. ఆమె వేళ్లూ అలసిపోయాయి, అయినా మళ్లీ మొదటి స్వరం మీద పెట్టింది.