డాబా మీద పచ్చనీళ్లు

అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నప్పటి మాట. మా ఫ్లోర్‌లో ఒకమ్మాయికి డెంగీ వచ్చింది. దోమలు పెరుగుతయని భయపడి, డాబా మీద నాలుగు సీసాల్లో ఉన్న పచ్చనీళ్లు పారబోసి, బ్లీచింగ్ వేసి తళతళలాడేటట్టు తోమిన.

సాయంత్రం పక్క రూములో ఉండే ఎమ్మెస్సీ పిల్ల లత ఉరికొచ్చింది.

“అక్కా, నా నాచు ఏది?”

“ఆ పాచినీళ్లా? పారబోసిన.”

మెట్ల మీద కూలబడ్డది. “దాంట్లకెళ్లి బండ్లకు నూనె, మొహం క్రీములల్ల కలిపే రంగు తీస్తరక్కా. నా ప్రాజెక్టు అదే. నెలల సంది పెంచుతున్న. అడుగున జర మిగిలినా మళ్ల పెంచుకుంట. ఉన్నదా?”

మెరుస్తున్న సీసాలు చూపించిన.

లత తిట్టలేదు. ఒక సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, “మంచిగ కడిగినవక్కా” అన్నది.

ఆ రోజు ఒక్క సీసానైనా బద్ధకించి వదిలేసుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంట.