టీ ట్రేతో పడిన మనిషి

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. నా మాటల్లో ముప్పావు వంతు తీసేసి చదువుకోండి.

యుద్ధం రోజుల్లో ఒకసారి బెంగుళూరు నుంచి ఆనేకల్‌కు, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో వెళ్తున్నాను. లోపల డెబ్భై మంది, ఇంకో డెబ్భై మందికి సరిపడా పొగ. కిటికీ పక్కన సీటు దొరికిన హుషారులో, కంటోన్మెంటులో దొరలు సోల్జర్ల కోసం ఏటేటా వేసే ఇంగ్లీషు హాస్యనాటకం ముచ్చట ఎత్తుకున్నాను. వేషాలన్నీ దొరలవే గానీ, టీ తెచ్చే నౌకరు మాత్రం మనవాడు.

"ట్రేతో సహా ఎగిరి, మూడు పల్టీలు కొట్టి, దొరసాని ఒళ్ళో పడినాడప్పా! నవ్వి నవ్వి నాకు కడుపు పట్టేసింది!"

బస్సంతా నవ్వింది. నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడిన ముసలాయన ఒక్కడే నవ్వలేదు.

"ఏం పెద్దాయనా, నీకు నవ్వు రాలేదా?"

"ఆ నౌకరు నేనేనప్పా. మొదటి దినం కాలు జారి నిజంగానే పడినాను. జనం నవ్వినారని దొర ఆట ఉండే ప్రతి దినమూ పడమన్యాడు. మూడేండ్లు పడినాను. ఈ మోకాలు పట్టేసి ఉండాది, నిలబడనియ్యదు."

చప్పున లేచి ఆయన్ను నా సీట్లో కూర్చోబెట్టాను.

పల్టీలూ పొగా మీరు ఎటూ తగ్గించుకునే ఉంటారు. నేను అచ్చంగా కల్పించింది ఆ సీటు ఇవ్వడం. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆనేకల్ దాకా ఆయన నిలబడే వచ్చాడు.