పదహారో రోజున పెట్టిన గూడు

మా ఇంట్లో ఒక ఆడపిట్ట చచ్చిపోయింది. నా వల్ల చచ్చిపోయింది. తన వల్లే పోయిందని మా ఆవిడ దాదాపు రెండు నెలలు అనుకుంది, నేను అనుకోనిచ్చాను. ఒక పిట్ట కోసం ఇంత గోలేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక సెక్టార్‌లోని క్వార్టర్ ఖాళీ చేసి కోహ్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. పిల్లలొస్తే పడుకోవడానికని మా ఆవిడ వెనక వైపు ఒక గది వేయించింది. దాన్ని నేను పిట్టల గది చేసేశాను. బజారులో దొరికే మామూలు బజ్రీ చిలకలతో మొదలుపెట్టి, ఫోన్లో వీడియోలు చూసి చూసి, పోటీలకు పెట్టే పెద్ద రకం మీద మనసు పడ్డాను. వాటి దర్జాయే వేరు. మామూలు బజ్రీకి రెండింతలుంటాయి. తల మీద ఈకలు ఉబ్బి కళ్ల మీదికి పడుతుంటాయి. కొమ్మ మీద కూర్చుంటే పెళ్లిపెద్ద కూర్చున్నట్టే ఉంటుంది.

అలాంటివి జాముల్‌లో ఒక పెద్దాయన దగ్గర ఉండేవి. మాకు చుట్టమేమీ కాదు. మా విజయనగరం వైపు మనిషి కావడంతో నేనూ మా ఆవిడా బాబాయి అని పిలిచేవాళ్లం. ఈకల దుమ్ము పడక ఆయనకి ఆయాసం ముదిరింది. ఇక పిట్టల గదిలో అడుగు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. పిట్టలున్న ఇళ్లకి కూడా వెళ్లొద్దన్నాడట. దాంతో ఒక్కొక్క పిట్టనీ తెలిసినవాళ్ల చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. పాతికేళ్లుగా కాపాడుకొస్తున్న పిట్టల వంశంలో చివరికి ఆడవి రెండే మిగిలాయి. ఒకటి దుర్గ్‌లో ఒక మాస్టారికి ఇచ్చాడు. బూడిద రంగు దాన్ని, రెండు మగవాటితో కలిపి, కార్తీక పౌర్ణమి వెళ్లాక నాకిచ్చాడు.

ఇచ్చేటప్పుడు ఒకటే మాట చెప్పాడు. "కొత్త సోటుకొచ్చింది బాబూ. నలభై రోజులు దాని జోలికెళ్లకు. ఈకలు రాలతన్నాయి, కొత్తవన్నీ వచ్చీవరకూ గూడు సూపించకు. ఏడాది కూడా నిండనేదు దానికి. గూడు కనబడితే గుడ్డెట్టీస్తాది. వంట్లో సత్తువుందా నేదా అని అది సూసుకోదు, మనమే సూడాల."

ఈ సంగతి నాకు ఒకరు చెప్పాలా? ముప్పై మూడేళ్లు ప్లాంటులో నేను చేసింది ఇటుకల పని. కరిగిన ఉక్కు పోసే పెద్ద పెద్ద లేడిల్స్‌కి లోపల నిప్పుకి ఆగే ఇటుక పేర్చేవాళ్లం. పేర్చడం ఒక ఎత్తు, దాన్ని కాచడం ఇంకో ఎత్తు. గంటకింత అని చార్టు ఉంటుంది, దాని ప్రకారమే వేడి పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే లోపలి తడి ఒక్కసారి ఆవిరై ఇటుక పగులుతుంది. ఆ పగులు పైకి కనబడదు, ఉక్కు పోశాకే బయటపడుతుంది. షిఫ్టులో ఎవడైనా టీకి వెళ్లే తొందరలో బర్నరు ముందుగా పెంచాడంటే వాడి తాట తీసేవాణ్ని. ఆ విషయంలో నాకు చాలా చెడ్డ పేరు ఉండేది, దానికి లోపల్లోపల గర్వపడేవాణ్ని కూడా.

అలవాటు కొద్దీ పిట్టలకీ ఒక చార్టు గీసి గోడకి అంటించాను. నలభై రోజులకి నలభై గళ్లు. కొత్తవాటిని పాతవాటికి దూరంగా, మూడింటినీ విడివిడి పంజరాల్లో పెట్టాను. మొదటి వారం తిండి మార్చలేదు, బాబాయి పెట్టే కొర్రలే పెట్టాను. తర్వాత మెల్లగా మొలకెత్తిన గింజలు, ఉడికించిన గుడ్డు, తురిమిన క్యారెట్టు అలవాటు చేశాను. మునగాకు మా ఆవిడ వంతు. దొడ్లో కోసి తెచ్చి, మంచు తడి ఆరేదాకా గుడ్డ మీద పరిచి, రెమ్మలు రెమ్మలుగా కడ్డీలకి గుచ్చేది. గుడ్డు పెంకుకి సున్నం కావాలి కాబట్టి సముద్రపు నురుగు అనే తెల్లటి ఎముకలాంటి ముక్క ఒకటి తెచ్చి కట్టాను. మగవి రెండూ దాన్ని గీకి గీకి తినేవి. ఆడది సరిగా ముట్టలేదు. అది నేను గమనించాను. గమనించి కూడా ఆ రోజు గడిలో టిక్కు పెట్టాను.

నా తొందరకి కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోటీ పిట్టలకి పుట్టిన వారానికే కాలికి ఆ ఏడాది అంకె ఉన్న రింగు వేస్తారు. ఏడాది మొదట్లో రింగు పడిన పిల్ల, పోటీల నాటికి బాగా ఎదిగి ఉంటుంది. వేసవిలో పుట్టింది దాని పక్కన నిలవలేదు. నలభై రోజులూ ఆగితే నాకు పిల్లలు ఫిబ్రవరిలో గానీ రావు. ఇప్పుడే జత కలిపితే జనవరి మొదటి వారంలో కొత్త రింగు వేయొచ్చు. నా జన్మలో నాకు ఒక్క కప్పు కూడా రాలేదు, క్లబ్బులో క్యారమ్స్ ఆడితే కూడా రాలేదు. అరవై రెండేళ్ల వయసులో ఆ కప్పు మీద ఆశ పుట్టింది.

పదహారో రోజు పొద్దున్న చూస్తే ఒక మగపిట్ట పక్క పంజరంలోంచి కడ్డీల మధ్య నుంచి ఆడదానికి తిండి అందిస్తోంది. ఆడదాని ముక్కు పైన మైనంలా ఉండే చోటు గోధుమ రంగుకి తిరిగింది. గుడ్లకి సిద్ధమైన గుర్తు అది. తల మీద మాత్రం కొత్త ఈకలు ఇంకా విచ్చుకోకుండా ముళ్లలా నిలబడి ఉన్నాయి. నేను ముక్కునే చూశాను, తలని చూడలేదు. ఈ రకానికి తోక కింద ఈకలు మరీ ఒత్తుగా ఉండి జత కలవడానికి అడ్డమొస్తాయి. రెండింటికీ అక్కడ చిన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించాను. ఒకే పంజరంలో వదిలి, చెక్క గూడులో రంపపు పొట్టు పోసి తగిలించాను. అదంతా ఎంతో శ్రద్ధగా, మంచి పనివాడిలా చేశాను. తర్వాత గోడ దగ్గరికెళ్లి మిగిలిన ఇరవై నాలుగు గళ్లలోనూ ఒకేసారి టిక్కులు పెట్టేశాను. ప్లాంటులో ముప్పై మూడేళ్లలో ఒక్క దొంగ టిక్కు పెట్టి ఎరగను.

బాబాయి ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఇక్కడికి రాలేడు కదా, ఫోన్లోనే ఒక్కొక్కదాన్నీ పలకరించేవాడు. ఆ ఆదివారం అడిగితే ఇంకా విడివిడిగానే ఉన్నాయన్నాను. మంచిపని చేస్తున్నావని మెచ్చుకున్నాడు.

పది రోజులకి మొదటి గుడ్డు పెట్టింది. మా ఆవిడ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. రెండో రోజుకి రెండో గుడ్డు రావాలి. ఆ పొద్దున గదిలోకి వెళ్లేసరికి ఆడది పంజరం అడుగున, ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఉంది. చేతిలోకి తీసుకుంటే పొట్ట కింద గుడ్డు గట్టిగా తగిలింది. లోపల ఇరుక్కుపోయింది. బయటికి తోసే బలం దానికి లేదు. ఆవుల్నీ కుక్కల్నీ చూసే డాక్టరుకి ఫోన్ చేస్తే వెచ్చగా ఉంచి, నూనె రాసి చూడమన్నాడు. బల్బు పెట్టాను, ఆముదం రాశాను, నీళ్ల ఆవిరి పట్టాను. మా ఆవిడ పక్కనే నిలబడి ఒక్కొక్కటీ అందించింది. పదకొండు గంటలకి నా అరచేతిలోనే పోయింది.

కాసేపటికి మా ఆవిడ మెల్లగా అంది. "నిన్న గది తడిగుడ్డ పెట్టి, ఆరుతాదని కిటికీ తీసి, మూయడం మర్చిపోయేనండి. రాత్రంతా చలిగాలి దాని మీదే కొట్టీసుంటాది. నా వల్లేనా?"

నిజం చెప్పాల్సిన క్షణం అదే. గోడ మీద చార్టు ఆమె వెనకే ఉంది. "చలికి తట్టుకోలేవు ఇవి" అన్నాను. చలిగాలి తగిలితే ఒక్కోసారి ఇలా అవుతుంది, ఆ మాట అబద్ధం కాదు. అబద్ధం కాని మాట వెతికి మరీ అన్నానే, అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. ఆమె వంటింట్లోకి వెళ్లాక చార్టు చింపి జేబులో కుక్కుకున్నాను. మర్నాడు చెత్తబండిలో పడేశాను.

ఆదివారం బాబాయి ఫోన్ వచ్చింది. తీసి హలో అన్నాను. ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి, నువ్వే చెప్పమన్నాను. ఆమె చెప్పింది. గుడ్డు అడ్డం పడి పోయిందనీ, కిటికీ తనే మర్చిపోయిందనీ, క్షమించమనీ చెప్పి గట్టిగా ఏడ్చేసింది. తర్వాత ఫోన్ నాకిచ్చింది. అవతల కాసేపు ఆయన ఆయాసం వినబడింది. "గుడ్డెట్టిందా" అన్నాడు. ఊ అన్నాను. ఆయనకి లెక్క అక్కడే అందిపోయి ఉంటుంది. మిగతా రెండూ బాగున్నాయా అని మాత్రం అడిగి పెట్టేశాడు. ఆ తర్వాత ఆదివారాలు ఆ ఫోన్ రాలేదు.

మా ఆవిడ మునగాకు కోయడం మానలేదు గానీ, తెచ్చి గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేది. లోపల అడుగు పెట్టేది కాదు. తన శాలువా రెండు ముక్కలు చేసి పంజరాలకి తెరలు కుట్టింది. ఇంట్లో ఏ కిటికీ తీసినా మూశానా లేదా అని రెండు మూడుసార్లు వెనక్కొచ్చి చూసుకునేది. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ సంక్రాంతి దాటించాను, మాఘం కూడా రానిచ్చాను.

అప్పుడు బాబాయి మళ్లీ ఫోన్ చేశాడు. దుర్గ్ మాస్టారికి బదిలీ అయిందట, ఆ ఆడపిట్టని తెచ్చుకోమన్నాడు. ఎందుకు మళ్లీ నాకే ఇస్తున్నావని అడిగే మొహం లేదు నాకు. వెళ్లి, అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పెట్టె చూడగానే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. "వెనక్కిచ్చియ్యండి. నా ఇంట్లో ఇది కూడా పోతే నేను తట్టుకోలేను."

పెట్టె భోజనాల బల్ల మీద పెట్టి, ఆమెని కూర్చోమని, మొత్తం చెప్పేశాను. పదహారో రోజు, ముళ్లలాంటి ఈకలు, ముట్టని సముద్రపు నురుగు, ఇరవై నాలుగు దొంగ టిక్కులు, రింగు, కప్పు, అన్నీ చెప్పాను. కిటికీ వల్ల కాదని రెండుసార్లు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె పెట్టె మూత కొంచెం ఎత్తి, లోపలికి చూసి, మళ్లీ మూసింది.

"మీకు తొందరెక్కువ. అది పెళ్లైన కాడ్నించీ తెలిసిందే, దానికేటి" అంది చివరికి. "ఆరోజు ఫోను నా చేతికెందుకిచ్చేరు?"

నేను పెట్టెని బల్ల మీద కొంచెం పక్కకి జరిపాను.

"నేను ఆయనకి ఏడ్చి చెప్తుంటే మీరు పక్క కుర్చీలోనే ఉన్నారు కదండీ. టీ తాగేరు."

టీ తాగిన సంగతి నాకు గుర్తు లేదు. తాగే ఉంటాను.